గ్రేహౌండ్ కాళ్లు, కోలీ బుర్ర

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక కుక్క గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. దాని ముందు పరుగెత్తే కుందేలుకు అంత వేగం లేదు. అయినా చాలాసార్లు కుందేలే తప్పించుకుంటుంది. ఎందుకని?

"వేగం ఒక్కటే చాలదు కాబట్టి" అని మీరు జవాబు చెప్పి ఉంటారు. నిజమే. మరి వేగంతోబాటు ఇంకేం కావాలి? ఈ ప్రశ్నకు ఇంగ్లండు పల్లెల్లోని వేటగాళ్లు కొన్ని వందల ఏళ్ల కిందటే ఒక జవాబు వెతుక్కున్నారు. ఆ జవాబు పేరు లర్చర్. అది ఒక వేటకుక్క. దాని కథ తెలుసుకుంటే కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం జన్యుశాస్త్రం కూడా తెలుస్తాయి.

లర్చర్ అంటే ఏమిటి?

లర్చర్ అనేది ఒక జాతి పేరు కాదు. చూపుతో వేటాడే వేగమైన జాగిలానికీ, వేరొక పనికుక్కకూ పుట్టిన సంకర కుక్కను లర్చర్ అంటారు. మన పల్లెల్లో జెర్సీ ఎద్దుకూ నాటు ఆవుకూ పుట్టిన దాన్ని సంకరజాతి ఆవు అంటాం కదా, అలాగే. లర్చర్‌కు తల్లిదండ్రుల్లో ఒకటి చాలావరకు గ్రేహౌండ్. రెండోది గొర్రెల కాపరి కుక్కయిన కోలీ కావచ్చు, టెర్రియర్ కావచ్చు. మనం ఇక్కడ గ్రేహౌండ్, కోలీల సంకరం గురించే చెప్పుకుందాం.

ఇంగ్లీషులో పొంచి ఉండటం అనే అర్థం గల పాత మాట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఇది పేదవాడి వేటకుక్క. 14వ శతాబ్దం చివర, రెండవ రిచర్డు రాజు కాలంలో, ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయం ఇచ్చే భూమి లేనివాడు గ్రేహౌండ్‌ను గాని, ఇతర వేటకుక్కలను గాని పెంచుకోరాదని దాని సారాంశం. అడవి జంతువులు దొరలకే గాని కూలివాళ్లకు కాదన్నమాట! అయితే గొర్రెల కుక్కలా బొచ్చుతో కనిపించే సంకర కుక్కపై ఎవరికీ అంతగా అనుమానం రాదు. 1790లో థామస్ బేవిక్ అనే చిత్రకారుడు జంతువుల గురించి ప్రచురించిన పుస్తకంలో లర్చర్‌కు కూడా చోటిచ్చాడు. అంటే అప్పటికే ఆ కుక్క అందరికీ తెలిసినదన్నమాట.

పరుగు కోసమే పుట్టిన శరీరం

ముందు గ్రేహౌండ్‌ను పరిశీలిద్దాం. దీని ఛాతీ లోతుగా, నడుము సన్నగా, కాళ్లు పొడవుగా ఉంటాయి. దౌడు తీసేటప్పుడు దీని వెన్నెముక విల్లులా వంగుతుంది, మళ్లీ సాగుతుంది. ఒక్కొక్క అంగలో నాలుగు కాళ్లూ నేలను వదిలి గాలిలో ఉండే క్షణాలు రెండుసార్లు వస్తాయి. కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు ఒకసారి, ముందుకీ వెనక్కీ చాచినప్పుడు మరొకసారి. గుర్రం దౌడులో ఇలాంటి క్షణం ఒక్కసారే వస్తుంది.

లోపలి ఏర్పాటు కూడా పరుగుకు తగ్గట్టే ఉంటుంది. శరీరం బరువుతో పోల్చి చూస్తే దీని గుండె ఇతర కుక్కల గుండెకంటె పెద్దది. సాధారణంగా కుక్క రక్తంలో ఎర్రకణాల భాగం 45 శాతం దరిదాపుల్లో ఉంటే, గ్రేహౌండ్‌లో అది తరచు 55 శాతానికి చేరుతుంది. ఎర్రకణాలే కదా కండరాలకు ప్రాణవాయువును మోసుకుపోయేవి! కండరాల్లో కూడా చటుక్కున ముడుచుకుని ఎక్కువ బలం ఇచ్చే పోగులు అధికం.

కాని ఈ పోగులు త్వరగా అలసిపోతాయి. గ్రేహౌండ్ పరుగు నిమిషంలోపే ముగిసే పరుగు. పైగా దీని చర్మం పలుచన, బొచ్చు పొట్టి, ఒంట్లో కొవ్వు తక్కువ. ముళ్లకంచె తగిలితే చర్మం చీరుకుపోతుంది. చలివానలో గంటలకొద్దీ నిలబడలేదు. నున్నని పందెపు మైదానంలో రాజు. రాళ్లూ, కంచెలూ ఉన్న పొలంలో కష్టజీవి.

మలుపు లెక్క

మొదటి ప్రశ్నకు మళ్లీ వద్దాం. కుందేలు తిన్నగా పరుగెత్తదు. కుక్క దగ్గరకు రాగానే చటుక్కున పక్కకు తిరుగుతుంది. సైకిలు మీద వేగంగా పోతూ సందు మలుపు తిరగాలంటే ఏమవుతుంది? వేగం తగ్గించకపోతే గోడకు గుద్దుకుంటాం. కుక్కకూ అంతే.

వలయ మార్గంలో తిరిగే వస్తువుకు కేంద్రం వైపు త్వరణం కావాలని మీరు పాఠంలో చదివి ఉంటారు. ఆ త్వరణం వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. కాళ్లకు నేల మీద దొరికే పట్టే ఆ త్వరణాన్ని ఇవ్వాలి. కుక్కకూ, కుందేలుకూ ఒకే పట్టు దొరికిందనీ, దానివల్ల సెకను వర్గానికి 8 మీటర్ల త్వరణం వస్తుందనీ అనుకుందాం. ఇప్పుడు లెక్క వేద్దాం.

కుక్క సెకనుకు 16 మీటర్ల వేగంతో వస్తోంది. 16ను 16తో గుణిస్తే 256. దాన్ని 8తో భాగిస్తే 32. అంటే కుక్క తిరగగల అతి చిన్న వలయానికి వ్యాసార్ధం 32 మీటర్లు.

కుందేలు సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతోంది. 8ని 8తో గుణిస్తే 64. దాన్ని 8తో భాగిస్తే 8. అంటే 8 మీటర్ల వ్యాసార్ధంలోనే అది తిరిగిపోతుంది.

చూశారా! వేగం రెండు రెట్లయితే మలుపు నాలుగు రెట్లయింది. పైగా 30 కిలోల కుక్క ఇలా తిరగాలంటే దాని కాళ్ల మీద పక్కకు 240 న్యూటన్ల బలం పడుతుంది. ఒకటిన్నర కిలోల కుందేలుకు 12 న్యూటన్లు చాలు. వేగాన్ని నమ్ముకున్న కుక్క మలుపు దగ్గర దూరంగా దూసుకుపోతుంది. అది తిరిగి వచ్చేసరికి కుందేలు బొరియలో ఉంటుంది.

కాబట్టి కుక్కకు కావలసింది ఇంకా ఎక్కువ వేగం కాదు. ఎక్కడ వేగం తగ్గించాలో, కుందేలు ఎటు తిరుగుతుందో, దాని బొరియ ఎటు ఉందో ముందే పసిగట్టే తెలివి. అందుకే వేటగాళ్లు గొర్రెల కాపరి కుక్క వైపు చూశారు.

కాపరి కుక్కలో దాగిన వేటగాడు

మన గొల్లలు, కురుమల మందల వెంట ఉండే కుక్కల పని ముఖ్యంగా కాపలా. తోడేలూ, దొంగా రాకుండా చూడటం. బ్రిటన్‌లోని కోలీల పని వేరు. కాపరి ఈల వేస్తే దూరాన ఉన్న గొర్రెలను చుట్టివచ్చి, కరవకుండా, బెదరగొట్టకుండా మందను తోలుకురావాలి. 1873లో వేల్సులోని బాలా అనే ఊళ్లో ఇలాంటి కుక్కలకు పోటీ కూడా జరిగింది. నేటి బోర్డర్ కోలీలలో చాలావాటి వంశవృక్షం వెనక్కి వెతికితే 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే ఒకే మగకుక్క దగ్గరకు చేరుతుంది.

గొర్రెలను తోలడానికీ, వేటకూ సంబంధం ఏమిటంటారా? తోడేలు వేటను గమనించండి. మొదట అది చూపు నిలుపుతుంది. తరువాత వంగి, పొంచి నడుస్తుంది. తరుముతుంది. పట్టి కరుస్తుంది. చివరకు చంపుతుంది. కోలీ కూడా గొర్రెలకేసి చూపు నిలుపుతుంది, వంగి నడుస్తుంది, తరుముతుంది. అక్కడితో ఆగిపోతుంది! తరతరాలుగా కరిచే కుక్కలను వదిలేసి, కరవని కుక్కలనే పెంచుతూ రావడంవల్ల వేటలోని చివరి మెట్లు బలహీనపడ్డాయి. అంటే కాపరి కుక్క పని సగంలో ఆపిన వేటే.

కోలీకి మరికొన్ని గుణాలున్నాయి. రోజంతా పనిచేసే ఓపిక, గట్టి పాదాలు, వానకు తట్టుకునే రెండు పొరల బొచ్చు, మనిషి మాట వినే స్వభావం. చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని 2011లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

లర్చర్ పనిచేసే తీరు

లర్చర్ ముఖ్యంగా వేటాడేది బొరియల్లో గుంపులుగా నివసించే కుందేలును. ఇది మన చేలగట్లమీద కనిపించే చెవులపిల్లి కాదు. చెవులపిల్లి బొరియ తవ్వదు. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. బొరియ కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. ఐరోపాలో ఈ బొరియ కుందేళ్లు పైరును మేసి, గట్లు తవ్వి రైతుకు నష్టం కలిగిస్తాయి. 1953లో మిక్సోమటోసిస్ అనే వైరస్ రోగం బ్రిటన్‌కు వచ్చి, కొద్ది ఏళ్లలోనే అక్కడి కుందేళ్లను నూటికి 95కు పైగా చంపింది. అయినా మిగిలినవి మళ్లీ పెరిగాయి.

వేటగాడు లర్చర్‌తోబాటు ఫెర్రెట్ అనే చిన్న జంతువును తెచ్చుకుంటాడు. అది ముంగిసలా సన్నగా, పొడవుగా ఉంటుంది. కుక్క ఒక్కొక్క బొరియనూ వాసన చూస్తూ పోతుంది. లోపల కుందేలు ఉన్న బొరియ దగ్గర కదలకుండా నిలబడిపోతుంది. వేటగాడు బొరియ నోళ్లకు వలలు కప్పి ఫెర్రెట్‌ను లోపలికి వదులుతాడు. కుందేలు బెదిరి బయటికి దూకుతుంది. వల తప్పించుకున్నదాన్ని లర్చర్ పట్టుకోవాలి. పట్టి, నలపకుండా తెచ్చి చేతికివ్వాలి. ఇదంతా మొరగకుండా చేయాలి; మొరిగితే చుట్టుపక్కల కుందేళ్లన్నీ లోపలే ఉండిపోతాయి.

గమనించండి. ఇందులో పరుగు కొన్ని క్షణాలే. మిగిలినదంతా ఓర్పు, వాసన, ఆజ్ఞ పాటించడం.

సగం వేగం, సగం తెలివి వస్తాయా?

"గ్రేహౌండ్‌నూ కోలీనీ కలిపితే రెండింటి మంచి గుణాలూ వస్తాయి" అనుకోవడం తేలిక. జన్యువులు అలా బేరానికి ఒప్పుకోవు. బొచ్చు సంగతి చూద్దాం.

కుక్కల బొచ్చులో కనిపించే తేడాలు చాలావరకు మూడే మూడు జన్యువులవల్ల వస్తాయని 2009లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పొట్టి బొచ్చు బహిర్గత లక్షణం, పొడుగు బొచ్చు అంతర్గత లక్షణం. అందుచేత గ్రేహౌండ్‌కూ, పొడుగు బొచ్చు బోర్డర్ కోలీకీ పుట్టిన పిల్లలకు పొట్టి బొచ్చే ఉంటుంది. పొడుగు బొచ్చు జన్యువు లోపల దాగి ఉంటుంది. కాని మూతి మీద గడ్డం మీసాలు ఇచ్చే జన్యువు మాత్రం బహిర్గతమైనది. అందువల్ల గడ్డం ఉండే బియర్డెడ్ కోలీతో కలిపితే మొదటి తరంలోనే పిల్లలకు గరుకు బొచ్చు, మీసాలు వచ్చేస్తాయి. పాత బొమ్మల్లోని గరుకు బొచ్చు లర్చర్లను తలచుకోండి!

మీరే చేసి చూడండి: రెండు నాణేలు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి అనుకోండి. రెండూ మొదటి తరం సంకర కుక్కలే. బొమ్మ పడితే పొట్టి బొచ్చు జన్యువు, బొరుసు పడితే పొడుగు బొచ్చు జన్యువు. రెండు నాణేలనూ కలిపి 40 సార్లు ఎగరవేసి రాసుకోండి. రెండూ బొరుసు పడినప్పుడు మాత్రమే పొడుగు బొచ్చు పిల్ల పుట్టినట్టు. సుమారు 10 సార్లు అలా పడుతుంది. బఠాణీ మొక్కలలో మెండెల్ చూసిన 3కు 1 నిష్పత్తి ఇదే. మెండెల్ తన ఫలితాలను 1866లో ప్రచురించాడు.

బొచ్చు పొడుగుకు ఒక జన్యువు చాలు. కాని కాళ్ల పొడవు, గుండె సైజు, ఓపిక, మాట వినే గుణం వీటిలో ఒక్కొక్కదానికీ ఎన్నో జన్యువులు కారణం. మొదటి తరం పిల్లలకు ప్రతి ఒక్కదానికీ తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం ఖాయంగా వస్తాయి. అందువల్ల అవి కొంతవరకు ఒకేలా ఉంటాయి. మొదటి తరం కుక్కలను ఒకదానితో ఒకటి కలిపితే మాత్రం పేకముక్కలు కలిపి పంచినట్టే. ఒకే ఈతలో ఒక పిల్ల గ్రేహౌండ్‌లా, ఒకటి కోలీలా, మరొకటి కోలీ కాళ్లతో గ్రేహౌండ్ మొండితనంతో పుట్టవచ్చు.

మొదటి సంకరం మాట బాగా వింటుంది, కాని వేగం కొంచెం తక్కువ. అందుకని కొందరు దాన్ని మళ్లీ గ్రేహౌండ్‌తో కలుపుతారు. అప్పుడు పుట్టేది ముప్పాతిక గ్రేహౌండ్. వేగం పెరుగుతుంది, ఓపిక, బొచ్చు, విధేయత తగ్గవచ్చు. సగం కుక్కనూ ముప్పాతిక కుక్కనూ కలిపితే ఎనిమిదింట అయిదు పాళ్లు గ్రేహౌండ్. కాని ఈ భిన్నాలు సగటులే. ముప్పాతిక అని పేరు పెట్టిన ఈతలో ఒక పిల్లకు అంతకంటె ఎక్కువ, మరొకదానికి తక్కువ రావచ్చు. సంకరజాతి ఆవు పాలు ఎక్కువిస్తుంది గాని మన ఎండను నాటు ఆవంత తట్టుకోలేదు. ఇక్కడా అంతే. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి.

జన్యువులే సర్వస్వం అని కూడా అనుకోకండి. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కలను గురించి సమాచారం సేకరించి 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక కుక్కకూ మరొక కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో సుమారు 9 శాతం మాత్రమే జాతివల్ల చెప్పగలమని తేలింది. మిగిలినదానిలో పెంపకం, శిక్షణ, ఆ కుక్క సొంత స్వభావం ఉన్నాయి. కోలీ రక్తం ఉన్నంత మాత్రాన నేర్పకుండానే ఏదీ రాదు.

కంటికి కనిపించని వారసత్వం

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. కుక్క ప్రాణానికి సంబంధించినది.

ఐవర్‌మెక్టిన్ అనే మందు పేరు విన్నారా? పశువుల్లో పరాన్నజీవులను చంపడానికి మన పశువైద్యులు కూడా వాడతారు. జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఇది వచ్చింది. దీనికి దారి తీసిన ఒమురా, క్యాంప్‌బెల్ అనే శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎన్నో జంతువులకు మేలు చేసిన ఈ మందు కొన్ని కోలీలకు మాత్రం విషమైంది. తూలి పడిపోవడం, చొంగ కార్చడం, చూపు పోవడం, స్పృహ తప్పడం, చివరకు చావు.

కారణం 2001లో తెలిసింది. మెదడులోని రక్తనాళాల గోడల్లో చిన్న చిన్న పంపులవంటి ప్రోటీన్లు ఉంటాయి. మెదడులోకి వచ్చే మందులను అవి వెంటనే బయటికి తోడేస్తాయి. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో నాలుగే నాలుగు అక్షరాలు జారిపోతే పంపు పనిచేయదు. మందు మెదడులో పేరుకుపోతుంది. పొడుగు మూతి, నిండు జూలు గల రఫ్ కోలీలలో సగానికి మించి ఈ లోపాన్ని మోస్తున్నాయి. బోర్డర్ కోలీలలో ఇది అరుదు, కాని లేకపోలేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు లోపపు ప్రతులు వస్తే ప్రమాదం తీవ్రం. ఒకటే వస్తే కొంత తక్కువ.

ఇక్కడే అసలు ఆశ్చర్యం. 2004లో పరీక్షలు చేస్తే కోలీలా ఏమాత్రం కనిపించని పొడుగు బొచ్చు విపెట్ అనే జాగిలంలో కూడా ఇదే లోపం దొరికింది. రూపం చూస్తే పరుగు కుక్క. కాని ఎన్నడో కాపరి కుక్క రక్తం అందులో కలిసిందని ఆ నాలుగు అక్షరాలు చెబుతున్నాయి.

గ్రేహౌండ్ వైపు నుంచి కూడా ఇలాంటి చిక్కే ఉంది. థయోపెంటల్ అనే మత్తుమందు ఇస్తే ఇతర కుక్కలకంటె ఇది చాలా ఆలస్యంగా కోలుకుంటుంది. ఒంట్లో కొవ్వు తక్కువ, కాలేయం ఆ మందును విరగ్గొట్టే వేగమూ తక్కువ. కాబట్టి లర్చర్‌ను వైద్యుని దగ్గరకు తీసుకుపోయినవాడు దాని తాతముత్తాతల సంగతి తప్పక చెప్పాలి. ఇప్పుడైతే కుక్క బుగ్గ లోపలి కణాలను కొద్దిగా తుడిచి తీసి, పంపు జన్యువు సరిగ్గా ఉందో లేదో పరీక్షించవచ్చు.

పెంచినవాడి బాధ్యత

కోలీలో ఆగిపోయిన వేట చివరి మెట్లు గ్రేహౌండ్‌తో కలిపినప్పుడు తిరిగి బలపడతాయి. కాబట్టి లర్చర్ గొర్రెను చూసినా తరమవచ్చు, కరవవచ్చు. ఇంగ్లండు, వేల్సులలో గొర్రెలమీద పడిన కుక్కను వేరే దారి లేనప్పుడు మందను కాపాడేవాడు కాల్చినా, 1971 నాటి చట్టం కొన్ని షరతులతో అతన్ని సమర్థిస్తుంది. అందుకని లర్చర్ పిల్లకు కుందేలును చూపించకముందే గొర్రెల మధ్య తాడు కట్టి నడిపించి, వాటి జోలికి పోకుండా అలవాటు చేస్తారు. ఆ శిక్షణ తప్పితే ప్రాణం పోయేది కుక్కకే.

వేటకూ హద్దులు వచ్చాయి. ఇంగ్లండు, వేల్సులలో 2004లో చేసిన చట్టం 2005 ఫిబ్రవరి 18న అమలులోకి వచ్చింది. కుక్కలతో అడవి జంతువులను, చెవులపిల్లితో సహా, వేటాడటాన్ని అది నిషేధించింది. భూమి యజమాని అనుమతితో బొరియ కుందేళ్లను, ఎలుకలను పట్టడానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని వేటాడటం నేరం. చేలో అది కనిపిస్తే కుక్కను ఉసికొల్పకండి.

ఇంకొక మాట. కోరిన గుణాలు రాని పిల్లలు ఏమవుతాయి? బ్రిటన్‌లోని కుక్కల శరణాలయాల్లో లర్చర్లు తరచు కనిపిస్తాయి. లెక్క తప్పింది మనిషిది, ఇల్లు పోయింది కుక్కకు. రెండు జాతులను కలపడం తేలికే. ఆ ఈతలో పుట్టిన ప్రతి పిల్లకూ పదేళ్లకు పైగా తిండీ, చోటూ చూపగలనా అని ముందుగా ఆలోచించడమే కష్టం.

ఆలోచించండి

1. మలుపు లెక్కలో కుక్క తన వేగాన్ని సెకనుకు 12 మీటర్లకు తగ్గిస్తే ఎంత వ్యాసార్ధంలో తిరగగలదు?

2. మొదటి తరం సంకర కుక్కను తిరిగి పొట్టి బొచ్చు గ్రేహౌండ్‌తో కలిపితే పొడుగు బొచ్చు పిల్లలు పుడతాయా? పుట్టకపోతే ఆ జన్యువు ఏమైనట్టు?

3. మీ ఊళ్లో సంకరజాతి ఆవులు, కోళ్లు, విత్తనాలు ఉన్నాయా? వాటివల్ల ఏం లాభం కలిగింది, ఏం వదులుకోవలసి వచ్చింది? పెంచేవారిని అడిగి రాసుకోండి.

(జవాబులు: 1. 18 మీటర్లు. 2. పుట్టవు. సగటున సగం పిల్లల్లో ఆ జన్యువు దాగి ఉంటుంది.)